ఊళ్ళో ఇల్లుంది కదా అని బయల్దేరొచ్చా?

"ఊళ్ళో ఇల్లు ఖాళీగానే పడుంది కదా, నాలుగు వారాలు అక్కడికి పోయి కూర్చుంటే పోలా?"

2020 మార్చి చివర్లో, కోవిడ్ లాక్‌డౌన్ మొదలైన రోజుల్లో, విజయవాడ, గుంటూరు అపార్టుమెంట్లలో చాలా ఇళ్ళలో ఈ మాట వినపడింది. అనడంలో తప్పేం లేదు. లిఫ్టు బటన్ నొక్కడానికి అగ్గిపుల్ల వాడిన రోజులవి. పక్క ఫ్లాటులో ఎవరైనా దగ్గితే టెన్షన్. ఊళ్ళో అయితే చుట్టూ ఖాళీ స్థలం, పెరట్లో మునగచెట్టు, సాయంత్రమైతే చల్లటి గాలి. ఇల్లు మనదే, కారూ మనదే. ఎవరింటికీ వెళ్ళం, ఎవర్నీ రానివ్వం. ఇంక ఎవరికి నష్టం?

ఆ ప్రశ్నకి అప్పట్లో చెక్‌పోస్టు దగ్గర ఒకటే జవాబు దొరికింది: బండి వెనక్కి తిప్పండి. ఎందుకో విడమర్చి చెప్పే తీరిక ఎవరికీ లేదు. కారణం తెలియని రూలు ఆ నెలతోనే మర్చిపోతాం. ఇంకో మహమ్మారి వచ్చిన రోజున మళ్ళీ ఇదే మాట, ఇదే ప్రయాణం. అందుకే ఇప్పుడు, ఏ హడావిడీ లేనప్పుడు, దీన్ని కాస్త నింపాదిగా చూడాలి.

మన దగ్గర రెండో ఇల్లు అంటే కొండ మీద కట్టుకున్న విడిది కాదు. దివిసీమలోనో, రేపల్లె వైపో, పల్నాడులోనో తాత కట్టిన పెంకుటిల్లు, దాని పక్కన నాన్న వేసిన డాబా. పిల్లల చదువుల కోసం బెజవాడ వచ్చేశాక దానికి తాళం పడింది. పెద్ద పండక్కి తెరుస్తారు, మళ్ళీ మూస్తారు. నూజివీడు, ఆగిరిపల్లి వైపు మామిడితోటలో రెండు గదులు వేసుకున్నవాళ్ళు కొందరు. హైదరాబాదులో ఉంటూ బెంజి సర్కిల్ దగ్గరో, గుంటూరు బ్రాడీపేటలోనో ఫ్లాటు ఉంచుకున్నవాళ్ళు ఇంకొందరు. వీళ్ళ పరిస్థితులు ఒకటి కాదు. కానీ అందరూ అనుకునేది ఒకటే: ఇల్లు ఖాళీగా ఉంది కాబట్టి అక్కడికి వెళ్తే ఎవరితోనూ పని పడదని. అసలు పొరపాటు అక్కడే ఉంది.

చల్లపల్లి పక్కన ఒక ఊరు అనుకుందాం. సంక్రాంతి తర్వాత తాళం వేసిన ఇల్లు. తాళంచెవి ఎదురింటావిడ దగ్గర ఉంటుంది. వారానికోసారి వాకిలి ఊడ్చి, కరివేపాకు చెట్టుకి నాలుగు చెంబుల నీళ్ళు పోసేది ఆవిడే. అరవై దాటిన మనిషి, షుగరుంది. కారు ఆగగానే కొంగు భుజం మీదకి లాక్కుంటూ ఎదురొస్తుంది. తాళంచెవి చేతిలో పెట్టి ఊరుకోదు, "ఎప్పుడనగా బయల్దేరారో ఏమో, కాస్త కాఫీ తాగి తాళం తీద్దురుగాని, లోపలికి రండమ్మా" అంటుంది. వద్దని ఎలా అంటారు? రెండు నెలలుగా ఇల్లు కనిపెట్టుకుని ఉన్న మనిషి గడప దగ్గర నిలబడి పిలుస్తుంటే మాస్కు పెట్టుకుని, దూరం నుంచే దండం పెట్టి వెళ్ళడం చాలామంది వల్ల కాదు.

ఇల్లు తెరిస్తే బూజు. దులపడానికి ఒక మనిషి కావాలి. మోటారు వేసి చాలా రోజులైంది, నీళ్ళు లాగదు. దాన్ని చూడటానికి ఇంకో మనిషి. గ్యాసు బండ అయిపోయి ఉంటుంది. పొద్దున్నే పాలు పోసే కుర్రాడు, కూరగాయల బండి. మర్నాటికి కేబుల్ అబ్బాయి. పదో రోజుకి పెద్దాయన బీపీ మాత్రలు అయిపోతాయి, ఊళ్ళో ఆర్‌ఎంపీ గుమ్మంలోకి వస్తాడు. ఎవరింటికీ వెళ్ళకుండానే, బంధువులనెవర్నీ కలవకుండానే, ఆ కుటుంబం అరడజను మందికి పైగా ఎదురుపడింది. వాళ్ళలో పాల కుర్రాడు రోజూ ముప్పై నలభై గుమ్మాలు ఎక్కి దిగుతాడు. ఆర్‌ఎంపీ చూసేదే ఒంట్లో బాగాలేనివాళ్ళని.

విజయవాడలో అదే ఇంట్లో ఉండిపోతే ఇవేమీ కొత్తగా మొదలుకావు. మోటారు పనిచేస్తోంది, బండ ఉంది, పాల ప్యాకెట్టు తలుపుకి తగిలించిన సంచిలో పడుతోంది. నడుస్తున్న ఇల్లు కొత్త మనుషుల్ని అడగదు. మూసిన ఇంటిని మళ్ళీ నడిపించాలంటే మాత్రం చాలా చేతులు పడాలి.

"మాకెవరికీ జలుబు కూడా లేదండీ" అనేది తర్వాతి మాట. కోవిడ్ విషయంలో ఆ మాటకి విలువ లేకుండా పోయింది. వైరస్ ఒంట్లోకి వచ్చాక లక్షణాలు కనపడటానికి మామూలుగా అయిదు రోజుల దాకా పట్టేది, ఒక్కోసారి పద్నాలుగు రోజులు. లక్షణాలు బయటపడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే పక్కవాళ్ళకి అంటేది. అంటే ఆరోగ్యంగా కారెక్కి, ఆరోగ్యంగా దిగి, ఎదురింటావిడ ఇచ్చిన కాఫీ తాగి, మూడో రోజు జ్వరం తెచ్చుకోవడం పూర్తిగా సాధ్యం. ఆ మధ్యలో జరిగినదాన్ని వెనక్కి తీసుకోలేం.

ఇళ్ళలో ఊరికే కూర్చోలేకపోవడం ఎంత పని చేస్తుందో విజయవాడలోని కృష్ణలంక చూపించింది. 2020 ఏప్రిల్‌లో ఒక లారీ డ్రైవరు తోచక ఇరుగుపొరుగుతో పేకాట ఆడాడనీ, అక్కడ 24 మందికి సోకిందనీ అప్పటి కృష్ణా జిల్లా కలెక్టర్ ప్రకటించారు. కార్మికనగర్‌లో ఇలాగే ఇంకో 15 మంది. ఆ డ్రైవర్ని నిందించడానికి కాదు ఈ ప్రస్తావన, సరుకు తెచ్చే లారీ ఆగితే ఊరు తిండికి ఆగిపోతుంది. దూరప్రయాణం చేసి వచ్చిన ఒక్క మనిషి, నలుగురు కూర్చునే అరుగు, ఈ రెండూ కలిస్తే చాలని అర్థమవడానికి. ఊళ్ళలో అరుగులకి కొదవ లేదు. పట్నం నుంచి వచ్చినవాళ్ళని పలకరించడానికి ఎవరో ఒకరు రాకుండానూ ఉండరు.

అంటుకోవడం ఒక భాగమే. దానికంటే పెద్దది ఆసుపత్రి లెక్క, మన ఇళ్ళలో దాని గురించి మాట్లాడుకున్నది తక్కువ.

మైదాన ప్రాంతాల్లో 30 వేల జనాభాకి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 5 వేల మందికి ఒక ఉపకేంద్రం, సుమారు వెయ్యి మందికి ఒక ఆశా కార్యకర్త. ఇవి ప్రభుత్వ ప్రమాణాలు. పీహెచ్‌సీలో ఉండేవి నాలుగు నుంచి ఆరు పడకలు. కాన్పులకీ, పాముకాటుకీ, జ్వరాలకీ అవే. ఈ లెక్క కట్టింది అక్కడ ఉండేవాళ్ళకి, పండక్కి వచ్చిపోయేవాళ్ళకి కాదు. రాష్ట్రంలో అప్పటికే యాభై ఇళ్ళకి ఒక వాలంటీరు చొప్పున ఉన్నారు. విదేశాల నుంచి ఎవరొచ్చారో, ఎవరికి జ్వరం ఉందో ఇంటింటికీ తిరిగి రాసుకున్నది వాళ్ళే, ఆశాలు, ఏఎన్ఎంలే. ఆ పుస్తకంలో తాళం వేసిన ఇల్లు తాళం వేసిన ఇల్లుగానే ఉంటుంది. రాత్రికి రాత్రి అందులోకి ఆరుగురు దిగితే ఆ ఆరుగురినీ మోయాల్సింది ఆ ఒక్క ఆశా కార్యకర్తే. వీధికి నాలుగు ఇళ్ళు అలా తెరుచుకుంటే ఆమె పని ఎంతవుతుందో చూడండి.

ఇక జబ్బు ముదిరితే? పీహెచ్‌సీలో చేయగలిగింది తక్కువ. ఆక్సిజన్ పడకలు, వెంటిలేటర్లు ఉండేది గుంటూరు జీజీహెచ్‌లో, విజయవాడ ప్రభుత్వాసుపత్రిలో, చినకాకాని, తాడేపల్లి వైపు ఉన్న పెద్దాసుపత్రుల్లో. అంటే విజయవాడ నుంచి భయపడి అవనిగడ్డ వైపు వెళ్ళిన కుటుంబం, ఊపిరి ఆడని రాత్రి మళ్ళీ ఆ విజయవాడకే రావాలి. మధ్యలో 60 కిలోమీటర్ల పైమాటే. 2020 జులై 1న బెంజి సర్కిల్లో 1,088 కొత్త 108, 104 వాహనాలు బారులు తీరి బయల్దేరినప్పుడు అందరికీ కాస్త ధైర్యం వచ్చింది, నిజమే. కానీ అంబులెన్సు ఎంత కొత్తదైనా ఆ దూరాన్ని తగ్గించలేదు. ఆసుపత్రికి పది నిమిషాల దూరంలో ఉన్న ఫ్లాటు వదిలి, గంటన్నర దూరంలో ఉన్న డాబాకి వెళ్ళడం భద్రత అనిపించడానికి కారణం గాలి, వెలుతురు, చిన్నప్పటి జ్ఞాపకం. డెబ్బై ఏళ్ళ మనిషికి ఆక్సిజన్ పడిపోతున్నప్పుడు ఈ మూడూ పనికి రావు.

రాష్ట్రం దాటి ఇల్లు ఉన్నవాళ్ళకి ఇంకో చిక్కు. 2021 మేలో రెండో వేవ్ ఉధృతిలో, ఆంధ్రా నుంచి హైదరాబాదు వెళ్తున్న అంబులెన్సుల్ని తెలంగాణ సరిహద్దులో రామాపురం క్రాస్‌రోడ్డు దగ్గర ఆపేశారు. తెలంగాణ హైకోర్టు జోక్యం చేసుకుని ఆ ఆంక్షలపై స్టే ఇచ్చేదాకా కుటుంబాలు రోడ్డు మీద పడిన వేదన చెప్పతరం కాదు. పేషెంటుని ఎక్కించుకున్న బండినే ఆపగలిగిన గీత అది. మామూలు రోజుల్లో నాలుగైదు గంటల ప్రయాణం కదా అని రెండు ఊళ్ళలో సగం సగం బతికేవాళ్ళు ఆ గీతకి ఏ వైపు ఇరుక్కుపోవడానికి సిద్ధమో ముందే తేల్చుకోవాలి.

ఈ ఆసుపత్రి లెక్కనే సూటిగా చట్టం చేసిన దేశం నార్వే. అక్కడ 4 లక్షలకు పైగా విడిది ఇళ్ళున్నాయి, కొండల్లో, సముద్రం ఒడ్డున. 2020 మార్చిలో ఆ ప్రభుత్వం, సొంత మునిసిపాలిటీ బయట ఉన్న విడిది ఇంట్లో రాత్రి బస చేయడాన్నే నిషేధించింది. ఆ చిన్న మునిసిపాలిటీల వైద్య సిబ్బంది అక్కడ స్థిరంగా ఉండేవాళ్ళకే సరిపోతారు, అదీ కారణం. ఇల్లు పాడైపోతుందంటే పగలు వెళ్ళి చూసుకుని రావచ్చు, పడుకోవడానికి లేదు. ఏప్రిల్ 20న ఆ నిషేధం ఎత్తేశారు. పని చూసుకుని రావడానికీ, మకాం పెట్టడానికీ ఉన్న తేడా పట్టుకోవడంలో ఆ రూలు తెలివి కనపడుతుంది. మన దగ్గర పగిలిన ట్యాంకు చూసి వద్దామని బయల్దేరిన మనిషినీ, పిల్లాపాపలతో దిగబడదామని వెళ్ళే కారునీ ఒకే లాఠీతో ఆపారు.

స్కాట్లాండులో గొడవ వేరే రకంగా వచ్చింది. అక్కడి ప్రధాన వైద్యాధికారి క్యాథరిన్ కాల్డర్‌వుడ్, ఇంట్లోనే ఉండండని టీవీ ప్రకటనల్లో చెప్పిన మనిషి, రెండు వారాంతాలు ఫైఫ్ ప్రాంతంలోని తన రెండో ఇంటికి వెళ్ళొచ్చారు. ఫొటోలు బయటికొచ్చాక 2020 ఏప్రిల్ 5న రాజీనామా చేశారు. ఆమె వల్ల ఎవరికైనా సోకిందా అన్నది అక్కడ ప్రశ్నే కాలేదు. చెప్పినావిడే వెళ్తే మేమెందుకు ఆగాలి అనే మాట జనంలో పుట్టింది. మన దేశంలోనూ అదే వారంలో, మహారాష్ట్రలో 23 మంది ఒక ఉన్నతాధికారి ఇచ్చిన లేఖ పట్టుకుని ఖండాలా నుంచి మహాబలేశ్వరంలోని తమ బంగళాకి కార్లలో వెళ్ళారు. వాళ్ళని క్వారంటైన్‌కి పంపారు, లేఖ ఇచ్చిన అధికారిని నిర్బంధ సెలవులో పెట్టారు. వలస కూలీలు చంటిపిల్లల్ని ఎత్తుకుని హైవేల మీద నడుస్తున్న ఏప్రిల్ అది. కారున్నవాడికి పాసు, కాళ్ళు తప్ప ఏమీ లేనివాడికి లాఠీ అన్న భావన ఒకసారి కలిగితే ఏ ఆంక్షా నిలబడదు.

ఇంత చెప్పాక, ప్రయాణం చేసిన ప్రతివాళ్ళనీ ఒకే గాటన కట్టడం మాత్రం అన్యాయం. 2020 మార్చి 25, 26 తేదీల్లో జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో ఆగిపోయిన కుర్రాళ్ళనీ అమ్మాయిల్నీ గుర్తుచేసుకోండి. హైదరాబాదులో హాస్టళ్ళు ఖాళీ చేయమన్నారు. అక్కడి పోలీసులు పాసులిచ్చారు. బైకుల మీద, క్యాబుల్లో వచ్చి సరిహద్దులో ఇరుక్కున్నారు. ఎక్కడివాళ్ళు అక్కడే ఉండాలని ఇక్కడి ప్రభుత్వం అంది. వాళ్ళు వెనక్కి వెళ్దామన్నా తలుపు లేదు. వాళ్ళు వస్తున్నది రెండో ఇంటికి కాదు, ఉన్న ఒక్క ఇంటికి. పడుకోవడానికి చోటున్న మనిషి ఇంకా మంచి చోటు కోసం వెళ్ళడం వేరు, చోటే లేని మనిషి అమ్మానాన్న దగ్గరికి రావడం వేరు. మొదటిది ఆగొచ్చు. రెండోదాన్ని ఆపితే ఆ మనిషి ఎక్కడ ఉండాలో ఆపినవాళ్ళే చూపించాలి.

అలాగే ఊళ్ళో ముసలి తల్లిదండ్రులు ఒంటరిగా ఉంటే. ఇది తేలిగ్గా తేలే విషయం కాదు. వంట చేసిపెట్టే మనిషి రావడం మానేసింది, నాన్నకి చూపు ఆనదు, అమ్మకి మోకాళ్ళు. ఇలాంటప్పుడు వెళ్ళొద్దని చెప్పడానికి ఏ రూలుకీ నోరు రాకూడదు. కానీ ఆ ఇంట్లో కుటుంబం మొత్తం దిగడం అక్కర్లేదు. ఇంట్లో బయట తక్కువ తిరిగిన ఒక్కరు వెళ్ళి, మొదటి రెండు వారాలు వేరే గదిలో పడుకుని, వేరే కంచంలో తిని, ఆ తర్వాత కదలకుండా అక్కడే ఉండిపోవాలి. వారానికోసారి విజయవాడ వచ్చి సరుకులు, మాత్రలు పట్టుకెళ్ళడం మొదలుపెడితే ముసలివాళ్ళకి రక్షణగా వెళ్ళిన మనిషే ముప్పు తెచ్చేవాడవుతాడు. రాకపోకల సంఖ్యే ఇక్కడ అసలు విషయం. ఒక్కసారి వెళ్ళి ఆగినవాడు చేసే నష్టం కంటే, నెలలో నాలుగుసార్లు తిరిగినవాడు చేసే నష్టం చాలా ఎక్కువ.

పొలం పని ఉన్నవాళ్ళ సంగతీ అంతే. వరి కుప్పలు, మిర్చి కల్లాలు లాక్‌డౌన్ చూసి ఆగవు. వ్యవసాయానికి ప్రభుత్వమే మినహాయింపు ఇచ్చింది, ఇవ్వాలి కూడా.

రాకపోకలే ముప్పు అన్న విషయం పోలీసులు చెప్పకముందే ఊళ్ళు కనిపెట్టాయి. ఆ మార్చిలో చాలా ఊళ్ళ పొలిమేరల్లో రోడ్డుకి అడ్డంగా ముళ్ళకంపలు, తాటిదుంగలు వేశారు. ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళనే బయట నిలబెట్టడం చాలామందికి మనసు కష్టపెట్టింది. కొన్నిచోట్ల అది హద్దు మీరింది, జబ్బుపడ్డవాళ్ళని వెలివేసినట్టు చూశారు, అది తప్పే. అయితే ఆ ముళ్ళకంప వెనక ఒక పాత తెలివి కూడా ఉంది. అమ్మవారు పోసిన ఇంటి గుమ్మానికి వేపమండ కట్టేవాళ్ళు మన పెద్దలు. ఆ మండ కనపడితే బయటివాళ్ళు లోపలికి పోరు, లోపలివాళ్ళు ఊరి మీదకి రారు. చుట్టాలొచ్చినా వాకిట్లోంచే వెళ్ళిపోయేవాళ్ళు, దానికి ఎవరూ నొచ్చుకునేవాళ్ళు కాదు. 2020 ఏప్రిల్ 30న కేంద్రం ప్రకటించిన రెడ్‌జోన్ జిల్లాల్లో కృష్ణా, గుంటూరు రెండూ ఉన్నాయి. పట్నం మొత్తానికి వేపమండ కట్టినట్టే లెక్క.

మరి అపార్టుమెంటులో ఉక్కిరిబిక్కిరి అయ్యే కుటుంబం ఏం చేయాలి? లాక్‌డౌన్ ప్రకటించకముందు, ఊళ్ళో గానీ పట్నంలో గానీ కేసులు ఇంకా లేనప్పుడు, ఎప్పటిదాకా ఉంటారో తేల్చుకుని, మందులు, సరుకులు వెంట తీసుకుని వెళ్ళిపోయినవాళ్ళ మీద పెద్దగా అనడానికేం లేదు. వాళ్ళు రెండో ఇంటికి వెళ్ళలేదు, ఇల్లు మారారు. ప్రకటించిన రాత్రి వెళ్ళడమే అన్నిటికంటే చెడ్డది, ఎందుకంటే అందరూ ఆ రాత్రే వెళ్తారు. ఫ్రాన్సులో 2020 మార్చిలో ఫోన్ల లెక్కల ప్రకారం పారిస్ మహానగర జనాభాలో దాదాపు 17 శాతం మంది వారంలో ఊరు విడిచారు. హైదరాబాదు హైవే మీద మనం చూసింది కూడా అలాంటిదే. ఒకసారి గేటు పడ్డాక, ఉన్నచోట నీడ ఉండి, తిండి ఉండి, చూడాల్సిన ముసలివాళ్ళు అవతల లేనప్పుడు, వెళ్ళకూడదు. గాలి కోసం మేడ మీదకి ఎక్కొచ్చు. కృష్ణలంకలోనో, పాత గుంటూరులోనో ఒక్క గదిలో ఆరుగురు ఆ ఎండాకాలం గడిపారు.

ఇల్లు పాడవుతుందన్న బెంగకి ఫోను చాలు. ఎదురింటావిడకి నెలనెలా పంపే డబ్బులు ఆ నెలల్లో ఇంకో వెయ్యి కలిపి పంపితే ఆమెకీ అక్కరకొస్తుంది. ఫ్యూజు తీసేయమని, గ్యాసు రెగ్యులేటరు కట్టేయమని, కొబ్బరికాయలు కోయించి వాళ్ళనే వాడుకోమని చెప్పొచ్చు.

తప్పనిసరిగా వెళ్ళాల్సిందే అయితే మొదటి ఫోను కూడా ఆవిడకే చేయాలి. ఊళ్ళో ఎవరికైనా జ్వరాలున్నాయా, ఆశా కార్యకర్త నంబరేది, పీహెచ్‌సీలో డాక్టరు రోజూ వస్తున్నారా, మా వల్ల మీకు భయమా అని అడగాలి. చివరి ప్రశ్నకి "అయ్యో, అదేంటమ్మా, మీ ఇల్లు మీరు రాకపోతే ఎట్లా" అంటుంది. ఆ మాట విని బయల్దేరకుండా, తాళంచెవి కిటికీ ఊచకి తగిలించి పెట్టమని, తను ఇంట్లోనే ఉండమని, పద్నాలుగు రోజులయ్యాక కాఫీకి తామే వస్తామని ముందే చెప్పి పెట్టాలి.